చేనేత పరిశోధన ఫెలోషిప్పుల జమా ఖర్చులు: దాతలకు వివరణ

దాతలకు, శ్రేయోభిలాషులకు నమస్కారం.

2024 జూన్ నుంచి 2025 ఆగస్టు వరకు మన ఫెలోషిప్పుల కోసం వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ పెడుతున్నాం. ఏప్రిల్‌లోనే పెట్టాల్సింది. ఎందుకు ఆలస్యమైందో కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది. ఈలోగా చీరాలలో నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు మీద మేమిచ్చిన ఫెలోషిప్పు గురించి వాట్సాప్‌లో "నూనెకే ఇరవై ఏడు వేలట" అన్న మెసేజీ ఎంత దూరం పోయిందంటే, అరండల్‌పేటలో మాకు సరుకులిచ్చే కిరాణా ఆయన నన్ను ఆపి, "అంత నూనె ఏ కొట్లో కొన్నారు సార్, మా దగ్గర కొనొచ్చుగా" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు జమ. ఇందులో గొడవేమీ లేదు.

విరాళాలు, 214 మంది నుంచి: 5,86,500
గత ఏడాది మిగులు: 41,220
ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాటి స్టాళ్ల అద్దె, ఖర్చులు పోను: 63,400
బ్యాంకు వడ్డీ: 9,318
మొత్తం: 7,00,438 రూపాయలు

ప్రతి రూపాయికీ రసీదు ఉంది. నెల నెలా ఒకటో తారీఖున 100 రూపాయలు పంపే రిటైర్డ్ టీచరమ్మ ఒకరున్నారు. ఒక్క నెలా తప్పలేదు. నెల నెలా రసీదు పంపడమే మాకు కష్టమైంది కానీ డబ్బు పంపడం ఆమెకు కష్టం కాలేదు.

ఇక ఖర్చు. ముగ్గురు ఫెలోలకు నెలకు 12,000 చొప్పున పది నెలలు, 3,60,000. నేరుగా వాళ్ల ఖాతాల్లోకే వెళ్లింది.

పెడనలో బట్టల మీద అద్దే అచ్చు దిమ్మెల మీద పని చేసినవారికి ప్రయాణాలు, ఫోటోలు: 22,640. అటకలమీద, మంచాల కింద పడి ఉన్న పాత టేకు దిమ్మెలను దులిపి, ఒక్కోదానికి నంబరు వేసి, అచ్చు తీసి, ఆ డిజైను పేరు అద్దకంవాళ్ల నోటివెంట రాసుకున్నారు. ఒకే పువ్వుకి ఎరుపుకో దిమ్మె, నలుపుకో దిమ్మె ఉంటాయి. నలుపేమో బెల్లంలో ఇనప ముక్కలు ఊరేసిన నీళ్లు, ఎరుపుకు పటిక. ఇవి విడిపోయి ఒకటి ఒక ఇంట్లో, ఇంకొకటి రెండు వీధుల అవతల దొరికాయి. ఇంత పనికి ఈ డబ్బు తక్కువే. ఎవరూ అడగలేదు కాబట్టి మేమూ ఎక్కువ చెప్పం.

మంగళగిరి ఫెలోకు 38,500. ఇందులో సగానికి పైగా నేతగాళ్లకు ఇచ్చిన కూలి. గుంత మగ్గంలో కూర్చున్న మనిషిని లేపి, నిజాం అంచు ఎలా తీస్తావు, మీ నాన్న ఎలా తీసేవాడు అని పూటంతా అడిగితే ఆ పూట నేత ఆగిపోతుంది. చీర ఆగితే కూలి ఆగుతుంది. ప్రశ్నలకు కూడా కూలి ఇవ్వాలన్నది కమిటీ ఏకగ్రీవ నిర్ణయం.

చెన్నై ప్రయాణం 17,910. దీన్ని "మెరీనా షికారు" అన్నవారికి ఒక్క మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా కృష్ణా, గుంటూరు జిల్లాలు మద్రాసు కిందే ఉండేవి. ఇంగ్లీషువాళ్లు బందరులో 1611లోనే గిడ్డంగి పెట్టి కూర్చున్నారు, వచ్చిందే మన బట్ట కోసం. ఆ పాత కాగితాలు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. గుంటూరులో కూర్చుంటే అవి రావు. ఇద్దరు వెళ్లారు, ఆరు రోజులు, లాడ్జిలో ఒకే గది, నకళ్ల రుసుం. టిఫిన్ బిల్లులతో సహా ఫైల్లో ఉన్నాయి.

సమావేశాలకు హాలు, టీ, టిఫిన్లు 14,200. స్టేషనరీ, బ్యాంకు చార్జీలు 3,475. ఆడిటర్‌కు 5,000.

ఇప్పుడు చీరాల.

తేలియా రుమాలు ఫెలోషిప్పుకు మామూలు భత్యం కాక అదనంగా 1,76,250 అయింది. మొత్తం ఖర్చులో పావు వంతు పైమాటే. దాని వివరం ఇది. నాలుగు నెలల పొడిగింపు 48,000. మొదటి విడత సరుకు 27,850. రెండో విడత సరుకు 21,400. షెడ్డు అద్దె ఆరు నెలలకు 15,000. నేత కూలి 64,000.

మొదట ఆ ఇరవై ఏడు వేల సంగతి. అది నూనె ఖర్చు కాదు. నూలు 5 కిలోలు 2,800, నూనె 3,240, ఆముదపు కాయలు 2,400, రంగులు 5,450, రాగి గంగాళం, కుండలు, కట్టెలు 13,960. రాగిదే ఎందుకు, ఇనప డేగిశా చాలదా అని అడిగారు. ఇనుము తగిలితే ఎరుపు నల్లబడుతుంది, అందుకు. ఆముదపు కాయలకు బిల్లు లేదు, చేత్తో రాసిన వోచరే ఉంది. చేలగట్ల మీద ఏరి తెచ్చిన ఆడవాళ్లను జీఎస్టీ బిల్లు ఎలా అడుగుతాం?

అసలు తేలియా రుమాలు సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇది చీరాలలో పుట్టిన చిటికి రుమాలు, అంటే నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత నేసేది. ఎరుపు, నలుపు, తెలుపు, చదరపు గళ్లు. అరబ్బు దేశాలకు తలపాగాలుగా ఓడలెక్కి వెళ్లేది. ఇక్కడ జాలర్లు, పశువుల కాపర్లు తలకో నడుముకో చుట్టుకునేవారు. దీని కిటుకంతా నేతకు ముందే ఉంది. ఆముదపు కాయల్ని కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, వడకట్టి, ఆ క్షారాన్ని నూనెతో కలిపి నూలుకు పట్టించాలి. పిసకాలి, ఎండబెట్టాలి, మళ్లీ ముంచాలి. ఇలా రోజుల తరబడి. అప్పుడుగానీ నూలు ఎరుపును గట్టిగా పట్టుకోదు. ఆ నూనె వాసన వల్లే తేలియా అన్న పేరు, హిందీలో తేల్ అంటే నూనె.

"తెలంగాణలో పుట్టపాకవాళ్లు నేస్తున్నారు, 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, అక్కడికెళ్లి రాసుకుంటే సరిపోయేదిగా" అన్నారు కొందరు. మా ఫెలో పుట్టపాక వెళ్లింది, అక్కడివారు చాలా ఓపిగ్గా చెప్పారు, వారికి కృతజ్ఞతలు. కానీ ఆమె దరఖాస్తులో పెట్టిన ప్రశ్న వేరు. చీరాల నీళ్లలో, చీరాల ఎండలో, ఇక్కడి పెద్దవాళ్లకు గుర్తున్న పాళ్లతో చేస్తే ఏం వస్తుంది? కుప్పడం చీరల హడావిడిలో ఈ పాళ్లు గుర్తున్నవాళ్లు ఎందరు మిగిలారో చీరాల తెలిసినవారికి చెప్పక్కర్లేదు.

మొదటి విడత ఆగస్టులో మొదలైంది. పన్నెండు రోజులు బాగానే సాగింది. నెలాఖరుకు వానలు పట్టుకున్నాయి. ఆగస్టు 31, సెప్టెంబరు 1 అంటే అందరికీ గుర్తే, బుడమేరు విజయవాడను ముంచిన రోజులు. నూనె పట్టిన తడి నూలు మూడు రోజులు రేకుల షెడ్డులో కుప్పగా ఉండిపోయింది. లోపల ఆవిరి పట్టి వేడెక్కింది. వాసనకు పక్కింటివాళ్లు గొడవ పెట్టుకుంటే ఓనరు షెడ్డు ఖాళీ చేయమన్నాడు. అద్దెలో ఒక నెల బయానా అలా పోయింది.

ఆ అమ్మాయి ఒక చిలపను, అంటే నూలు కట్టను, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుంటూరు వచ్చింది. మా మీటింగు బల్లమీద విప్పింది. గదంతా పాత గానుగ కొట్టు కంపు. నేనే ఒక పోగు తీసి లాగాను. లాగాను అనడం కూడా ఎక్కువే, ఎత్తాను. పుటుక్కుమంది. వేళ్లకు జిడ్డు, గోధుమరంగు మరక. ఎవరూ మాట్లాడలేదు. ఆమె మాత్రం ఏడవలేదు, నోట్‌బుక్ తీసి, చీరాలలో ఒక ముసలాయన అన్న మాట చదివింది: "వానాకాలంలో నూనె ఎవరు పెడతారమ్మా, పిచ్చి కాకపోతే." ముందే ఎందుకు చెప్పలేదు తాతా అంటే, "నువ్వు అడగలేదుగా, చదువుకున్నదానివి తెలుసనుకున్నా" అన్నాడట.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. ఫెలోషిప్పును జూన్‌లో మొదలుపెట్టింది మేము, బడి తెరిచే లెక్కన. మొదటి మూడు నెలల్లో "ప్రయోగం" పూర్తవ్వాలని కాగితంలో రాసిందీ మేమే. మొదటి విడత పాడవడం ఆ అమ్మాయి అజాగ్రత్త కాదు, మా క్యాలెండరు.

ఆపేద్దామని ఇద్దరు సభ్యులు అన్నారు. వారి అభ్యంతరం మినిట్స్‌లో ఉంది, దాచలేదు. మిగతా ఐదుగురం కొనసాగించమన్నాం. ఆపేస్తే అప్పటిదాకా పెట్టిందంతా నూనెపాలు. జనవరి ఎండలకు రెండో విడత మొదలైంది. ఈసారి నూలు 7 కిలోలు. నూనె లేకుండా, నూనెతో, ఎక్కువ రోజులు నూనెతో ఇలా వేరువేరుగా, పోల్చి చూడటానికి. ఎరుపు కూడా రెండు రకాలు, అలిజరిన్ అనే రసాయన రంగుతో కొంత, పాతకాలంలో ఎరుపుకు వాడిన చిరివేరుతో కొంత. 3,200 పెట్టి టార్పాలిన్లు కూడా కొన్నాం. ఒక్క చినుకు పడలేదు. మన రాత.

నేత కూలి 64,000 అంటే భార్యాభర్తలిద్దరికీ కలిపి రోజుకు 800 చొప్పున 80 రోజులు. ఎనభై రోజులకు ఎనిమిది రుమాళ్లేనా అని లెక్కగట్టినవారికి: భార్య సైకిల్ ట్యూబు ముక్కలతో ఒక్కో కట్టు కట్టి, విప్పి, మళ్లీ కట్టడానికే యాభై రోజులు పైన పట్టింది. పడుగుకీ పేకకీ రెండింటికీ కట్లే. గడి ఒక పోగు జరిగినా మూల కలవదు. భర్త నేసింది మిగతా రోజులు. ఇద్దరు మనుషులకు 800 తక్కువని సిగ్గుపడుతున్నాం కానీ ఎక్కువని కాదు.

ఆ ఎనిమిదిలో ఒకటి నేసినవాళ్ల దగ్గరే ఉంచాం. రెండింటిని ముక్కలుగా కోసి నమూనాల ఆల్బంలో అతికించాం. ఐదు కమిటీ బీరువాలో ఉన్నాయి. అమ్మం, దయచేసి అడగవద్దు.

ఇంకో మాట కూడా వినపడుతోంది కాబట్టి మేమే చెబుతున్నాం. ఈ ఫెలో మా కోశాధికారికి తోడల్లుడి కూతురు. నిజమే. 11 దరఖాస్తుల్లోంచి ఎంపిక చేసినప్పుడు ఆయన గదిలో లేరు, మార్కుల కాగితాల్లో ఆయన సంతకం ఉండదు. పొడిగింపు ఓటులోనూ ఆయన పాల్గొనలేదు. ఈ చుట్టరికం సంగతి అప్పుడే దాతలకు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు, అది పొరపాటే. పొడిగింపు డబ్బు పడ్డాక, నివేదిక చేతికొచ్చాకే లెక్క పెడదామని ఆగాం. నివేదిక జులై ఆఖరున వచ్చింది. ఆగడం వల్ల అనుమానం పెరిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

మొత్తం ఖర్చు 6,37,975. మిగులు 62,463. ఇందులో బ్యాంకులో 58,913, చేతిలో 3,550.

ఈ మిగులు ఇంకా ఎక్కువ ఉండాల్సింది. 19 మంది ఇస్తామన్న 1,35,000 రాలేదు. వీరిలో వరదలో ఇళ్లు మునిగిన విజయవాడ సింగ్‌నగర్‌వారు నలుగురున్నారు. వారిని మేమే అడగడం మానేశాం, వారు ఏమీ అనుకోవద్దు. మిగతా పదిహేను మందిలో ఒకరు చేనేత దినోత్సవం నాడు మైకులో 50,000 ప్రకటించి, శాలువా కప్పించుకుని వెళ్లారు. మంగళగిరి శాలువా, మూల్యం 850, అది కూడా సమావేశాల ఖర్చులోనే ఉంది. ఏడుసార్లు ఫోన్ చేశాం. వాట్సాప్‌లో నూనె లెక్క మొదట అడిగింది ఆయనే. ఇంతకంటే రాయం.

వచ్చే విడత ఫెలోషిప్పులు డిసెంబరులో మొదలవుతాయి. జూన్‌లో మొదలుపెట్టం.

బిల్లులు, వోచర్లు, మినిట్స్ పుస్తకం, మూడు నివేదికలు, ఆ పుటుక్కుమన్న చిలప అన్నీ ఆఫీసులో ఉన్నాయి. ఏ ఆదివారమైనా ఉదయం 10 నుంచి 1 వరకు వచ్చి చూడవచ్చు. చిలప డబ్బా మూత మాత్రం బయట వరండాలో తీయాలి.

రాగి గంగాళం కమిటీ ఆస్తి. గృహప్రవేశాలకు ఇస్తారా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. అందులో రంగు కాచాం, పులిహోర కలపడానికి పనికిరాదు.

కమిటీ తరఫున,
కార్యదర్శి
గుంటూరు