మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2024-25: ఏడాదంతా పత్తి చుట్టూనే

సభ్యులందరికీ నమస్కారమండి. ఏప్రిల్‌లో ఇవ్వాల్సిన నివేదిక ఇప్పుడిస్తున్నాను, ఆడిటర్ గారి దగ్గర్నించి కాగితాలు వచ్చేసరికి లేటయ్యింది, ఏమీ అనుకోకండి. డ్రైనేజీ, వీధి లైట్లు, నీళ్ళ టైమింగ్స్, వీటి గురించి గ్రూప్‌లో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కాబట్టి అవి చివర్లో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈసారి ఎక్కువ రాయాలనుకుంటున్నది మనం ఏడాది పొడుగునా చేసిన పత్తి కార్యక్రమాల గురించి. సెక్రటరీగా ఉన్న ఈ నాలుగేళ్ళలో నాకు బాగా తృప్తినిచ్చిన పని ఇదే.

కొత్తగా వచ్చిన మెంబర్లకి ఇది ఎలా మొదలైందో తెలీదు కదా. కిందటేడు మార్చిలో పార్కు వెనకాల గోడ పక్కన ఎవరెవరో పాత పరుపులు తెచ్చి పడేశారు, లెక్కపెడితే పదకొండు, అన్నీ దూది పరుపులే. ఫోమ్ పరుపులు కొనుక్కున్నాక పాతవి ఏం చెయ్యాలో తెలీక పడేశారు, వాళ్ళని తప్పుపట్టట్లేదు. చెత్త బండి వాళ్ళు ఇవి మేం ఎక్కించుకోం అన్నారు, వానపడితే కుళ్ళిపోతాయని కమిటీలో ఒకటే గొడవ. డబ్బులిచ్చి ఎత్తించేద్దాం అని తీర్మానం రాయబోతుంటే మూడో వీధి మామ్మగారు లేచి "అది చెత్త కాదు నాయనా, దూది. ఏకించి ఎండబెడితే మళ్ళీ కొత్త పరుపే" అన్నారు. ఆవిడ మాట మీద మొదలైందండి ఇదంతా.

మే నెలలో దూది ఏకే ఆయన్ని పిలిపించాం. ఇప్పుడు అందరూ మిషన్ బండి మీదే వస్తున్నారు, ఈయనా అలాగే వచ్చాడు, కానీ వాళ్ళ నాన్నగారు పాత విల్లు కూడా పట్టుకొచ్చారు, పిల్లలు చూస్తారని. కమ్యూనిటీ హాల్ మేడ మీద కూర్చుని చెక్క గుండుతో నారి మీద కొడుతుంటే ఆ శబ్దం, నా వయసు వాళ్ళందరికీ చిన్నప్పటి ఎండాకాలం మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. నారి అదురుకి గడ్డకట్టిన దూది విడిపోయి పింజలు పింజలుగా గాల్లోకి లేస్తోంది, ఆయన కనుబొమ్మల నిండా తెల్లగా దూది. మన విశాఖ ఉప్పుగాలికి, చెమ్మకి దూది నీరు పీల్చుకుని బరువెక్కి గడ్డకడుతుంది, అంతమాత్రాన పాడైపోయినట్టు కాదు, ఎండబెట్టి ఏకితే పోగులు మళ్ళీ విడివడతాయి అని ఆయన చెప్పారు. పదకొండు పరుపుల్లో రెండు మాత్రం ఎలకలు కొట్టేసి పనికిరాలేదు, మిగతా తొమ్మిదీ కొత్త గుడ్డ వేసి కుట్టించి, గేటు దగ్గర వాచ్‌మన్ కుటుంబాలకి, పక్క వీధి అంగన్‌వాడీకి ఇచ్చాం. దిండ్లు కూడా తెచ్చారు కొందరు, అందులో చాలావరకు బూరుగు దూది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి గానీ బూరుగు పోగు నున్నగా, మెలిక లేకుండా ఉంటుంది, అందుకే దిండుకే తప్ప వడకడానికి పనికిరాదు. పత్తి పోగు కాయ పగిలి ఆరినప్పుడు దానంతటదే మెలికపడుతుంది, ఆ మెలికలు ఒకదాన్నొకటి పట్టుకోబట్టే దారం నిలుస్తుంది. ఇన్నేళ్ళూ పత్తి గుడ్డ కట్టుకుంటూ ఈ చిన్న సంగతి నాకు తెలీలేదు.

ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేశాం. 1905లో అదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టి 2015 నుంచి ఆ తేదీన జరుపుతున్నారు. అందరూ నేత బట్టలతో రండి అంటే నలభై మందికి పైగా వచ్చారు, మంగళగిరి, వెంకటగిరి, చీరాల, బీరువాల అడుగున ఎన్ని చీరలున్నాయో ఆ రోజు తెలిసింది. తర్వాత వారమే ఆగస్టు 15 జెండా పండుగ వచ్చింది. 2021 డిసెంబర్‌లో ఫ్లాగ్ కోడ్ మార్చి పాలిస్టర్ జెండాలకి, మిషన్ మీద చేసినవాటికి కూడా పర్మిషన్ ఇచ్చారు, అప్పట్నించి మనం కూడా మెరిసే పాలిస్టర్ జెండానే ఎగరేస్తున్నాం. ఈసారి వద్దు, ఖద్దరు జెండానే కొందాం అని కమిటీలో అందరం అనుకున్నాం, ఎందుకంటే 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్యగారిని జనం 'పత్తి వెంకయ్య' అనేవారు, కంబోడియా రకం పత్తి మీద ఆయన చేసిన పనికి వచ్చిన పేరది. అలాంటి మనిషి పేరు తల్చుకుంటూ పాలిస్టర్ ఎగరెయ్యడం నాకు మనసొప్పలేదు. ఖరీదు ఎక్కువే అయ్యింది, అయినా ఆ ఖర్చుకి మీటింగ్‌లో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు, అందుకు మీ అందరికీ థాంక్స్.

సెప్టెంబర్‌లో సంచుల విషయంలో మాత్రం తప్పు జరిగింది, అది దాచిపెట్టకుండా చెప్పాలి. ప్లాస్టిక్ కవర్లు మానిపిద్దాం అని వంద కాటన్ సంచులు కొన్నాం, ప్యూర్ కాటన్ అని షాపులో గట్టిగా చెప్పారు, రేటు కూడా అలాగే తీసుకున్నారు. రెండు వారాల తర్వాత ఒకమ్మాయి తడి కూరగాయలు వేస్తే సంచి చెమ్మ పీల్చట్లేదు అంకుల్ అని తెచ్చి చూపించింది. అప్పుడు ఒక దారం పోగు లాగి వెలిగించి చూశాం. పత్తి అయితే కాగితం కాలినట్టు కాలుతుంది, అదే వాసన, చివరికి మెత్తటి బూడిద, వేలితో నలిపితే పొడైపోతుంది. ఇది అలా కాలేదు, కరిగి ముడుచుకుని చివర నల్లటి గట్టి పూసలా అయ్యింది, అంటే పాలిస్టర్ కలిసింది. షాపు వాళ్ళతో మాట్లాడితే సగం డబ్బులు వెనక్కి ఇచ్చారు. కొనేముందే నేను చూసుకోవాల్సింది, ఆ బాధ్యత నాది. దయచేసి మీరు కూడా కాటన్ అని కొనేటప్పుడు అంచు నుంచి ఒక్క పోగు లాగి, సింకు దగ్గర నీళ్ళు పక్కన పెట్టుకుని ఇలా చూసుకోండి, రెండు నిమిషాల పని.

అక్టోబర్ 7 ప్రపంచ పత్తి దినం, ఆ సాయంత్రం పిల్లల కోసం ఫంక్షన్ పెట్టాం. అంతకుముందు జూలైలో ఒక మెంబర్ గుంటూరు పక్క వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన గింజలు మేడ మీద కుండీల్లో వేశాం, పిల్లలే నీళ్ళు పోశారు. పత్తి పువ్వు విచ్చుకున్న రోజు లేత పసుపు తెలుపులో ఉండి మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, పిల్లలు ఒక పువ్వుకి దారం కట్టి రెండు రోజులు కాపలా కాసి చూశారు, నేను కూడా ఆఫీసుకి వెళ్ళేముందు మేడెక్కి చూసొచ్చాను. ఫంక్షన్‌లో రెండు గ్లాసుల నీళ్ళు పెట్టి ఒకదాంట్లో కాయలోంచి తీసిన పచ్చి దూది, ఇంకోదాంట్లో మెడికల్ షాపు దూది వేయించాం. పచ్చి దూది తేలుతూ ఉండిపోయింది, షాపుది వెంటనే మునిగింది. పచ్చి పోగు మీద మైనం పొర ఉంటుంది, దాన్ని క్షారంతో ఉడికించి తీసేసి బ్లీచ్ చేస్తేనే గాయాలకి పనికొచ్చే దూది అవుతుంది. మన జేబులో నోటు కూడా పూర్తిగా పత్తితో చేసిన కాగితమే అంటే పెద్దవాళ్ళే నమ్మలేదు, చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో పడ్డ నోటు చిరక్కుండా బయటికొచ్చేది అందుకే.

ఆ రోజే ఆ గింజలు తెచ్చిన మెంబర్ వాళ్ళ బావగారు కూడా వచ్చి మాట్లాడారు, ఎనిమిదెకరాల పత్తి రైతు. నేను రాసుకున్నంతవరకు చెప్తాను. క్వింటా పత్తి జిన్నింగ్ చేస్తే, అంటే గింజ వేరుచేస్తే, దూది మూడో వంతే, మిగతాది గింజ, ఆ గింజ నుంచే నూనె, పశువులకి పెట్టే చెక్క. 2024-25లో పొడుగు పింజ పత్తికి ప్రభుత్వ మద్దతు ధర క్వింటాకి 7,521 రూపాయలు ఉండేది, కానీ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటేనే ఆ ధర, పైకి వెళ్ళే కొద్దీ కోత, 12 దాటితే కొనరు. అక్టోబర్, నవంబర్ మంచులో, తుఫాను వానలో తీసిన పత్తికి 12 లోపు రావాలంటే ఎక్కడ ఆరబెడతారండి? వాకిట్లో, రోడ్డు మీద. 2002లో పురుగుని తట్టుకునేలా జన్యువులు మార్చిన బీటీ విత్తనం వచ్చాక పచ్చ పురుగు తగ్గింది గానీ ఇప్పుడు గులాబీ పురుగు దానికి లొంగట్లేదు, కాయ లోపలే ఉండి తినేస్తుంది, బయటికి కాయ బాగానే కనిపిస్తుంది. అన్నిటికన్నా ఆయన ఎక్కువసేపు మాట్లాడింది పత్తి తీసే ఆడకూలీల గురించి. ఎండిన కాయ రెక్కల మొనలు ముళ్ళలా ఉంటాయి, రోజంతా తీస్తే గోళ్ళ పక్కన చర్మం చీలిపోతుంది, చాలామంది వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టుకుని తీస్తారట, ఆ పీలికలు కూడా పత్తివే. హాల్లో ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

కార్తీకంలో మన ఆడవాళ్ళు ఏకించిన దూదిలో మిగిలినదాన్ని శుభ్రం చేసి పౌర్ణమికి 365 ఒత్తుల కట్టలు చేశారు, గుడి దగ్గర అమ్మకానికి పెడితే ఒక్క పూటలో అయిపోయాయి. ఆ డబ్బు సంఘం ఖాతాలో వేశారు.

ఇంక పొందూరు, శ్రీకాకుళం జిల్లాలో సన్న ఖద్దరుకి పేరున్న ఊరు. ఫిబ్రవరి రెండో శనివారం మినీ బస్సులో 26 మంది వెళ్ళాం, బస్సు ఖర్చు వెళ్ళినవాళ్ళే పెట్టుకున్నారు. దార్లో మన రిటైర్డ్ హిస్టరీ మాస్టారు మార్కోపోలో సంగతి చెప్పారు, 13వ శతాబ్దం చివర్లో మోటుపల్లి రేవు గురించి రాస్తూ ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నం అన్నాడట. ఇంకోటి, మచిలీపట్నం వైపు నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకి ఇంగ్లండ్ జనం ఎంతగా అలవాటుపడ్డారంటే, వాళ్ళ నేతగాళ్ళు గొడవచేసి 1700లో దిగుమతి మీద, 1721లో ఏకంగా కట్టుకోవడం మీదే చట్టాలు తెప్పించుకున్నారు. మన చేతి పనికి భయపడి ఒక దేశం చట్టం చేసింది అంటే బస్సులో పిల్లలు కూడా చెవులు రిక్కించి విన్నారు.

పొందూరులో మేం చూసింది నేను మాటల్లో పెట్టగలనో లేదో. అక్కడ వాడేది శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల పండే కొండ పత్తి, ఎర్ర పత్తి. ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. అవునండి, చేప దవడే, అంచు నిండా సన్నటి పళ్ళు, ఇనప దువ్వెన ఏదీ అంత మెత్తగా ఉండదట. పత్తిని గింజతో ఉండగానే, ఒక్కో గింజ వేళ్ళతో పట్టుకుని దానికున్న పోగుల్ని తలదువ్వినట్టు దువ్వుతారు, దుమ్ము, ఆకు నలుసులు రాలిపోయి పోగులన్నీ ఒకవైపుకి తిరిగి పట్టులా మెరుస్తాయి. ఒక్కో గింజ! తర్వాత చెక్క పలక మీద పెట్టి సన్నటి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ ముందుకు జారిపోతుంది, ఆ దూదిని చిన్న విల్లుతో ఏకి, సన్నటి చుట్టలుగా, అంటే ఏకులుగా చుట్టి, చెయ్యి తగిలి మాయకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, అందులోంచి లాగుతూ ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. 100 కౌంట్ పైన నూలు తీస్తారు. మెట్రిక్ లెక్కలో 100 కౌంట్ అంటే గ్రాము దూదిలో 100 మీటర్ల దారం. నా చేతికి ఒక పోగు ఇచ్చారు, వెలుతురుకి పట్టుకుంటే గానీ కనపడలేదు, నేను లాగగానే తెగిపోయింది, ఆవిడ నవ్వి రెండు కొసలు కలిపి వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపింది, అతుక్కుపోయింది, ఎక్కడ తెగిందో మళ్ళీ వెతికినా దొరకలేదు.

ఈ సన్నం చూసే గాంధీగారు కొడుకు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపించారని అక్కడివాళ్ళు గర్వంగా చెప్తారు. 1949 నుంచి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వీళ్ళకి పత్తి ఇచ్చి నూలు తీసుకుంటోంది. కానీ మేం తిరిగిన ఇళ్ళలో రాట్నం ముందు ఉన్నవాళ్ళందరూ అరవై పైబడినవాళ్ళే, వాళ్ళ కోడళ్ళు, మనవరాళ్ళు ఎవరూ కూర్చోవట్లేదు. ఎందుకమ్మా అని మన ప్రెసిడెంట్ గారు అడిగితే "రోజంతా వడికితే వచ్చేదానితో ఏం తింటారు బాబూ, మనవరాల్ని కట్నం ఇచ్చి పంపానా, ఇందులో కూచోబెట్టడానికి?" అంది ఒకావిడ. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మనవాళ్ళు పంచెలు, చీరలు, చొక్కా బట్ట బాగానే కొన్నారు, కానీ ఒక్క రోజు కొనుగోలుతో ఒక్క ఇల్లు కూడా నిలబడదని వెనక్కి వస్తూ అందరం అనుకున్నాం.

అందుకే మార్చి కమిటీలో తీర్మానం చేశాం, దీన్ని జనరల్ బాడీ ముందు పెడుతున్నాను: ఇంటికి ఏడాదికి ఒక్క నేత బట్ట, పంచె అయినా తువ్వాలు అయినా సరే, ఆర్డర్లు అన్నీ సంఘం ద్వారా ఒకేసారి దసరా ముందు, సంక్రాంతి ముందు ఇద్దాం, డబ్బు ముందే కట్టేద్దాం. అడ్వాన్సుగా వచ్చే ఆర్డరు వాళ్ళకి ఎంత ధైర్యమో అక్కడ సంఘం ఆఫీసులో చెప్పారు. బలవంతం ఏమీ లేదు, ఇష్టమున్నవాళ్ళు పేరు రాయండి, నేను మొదటి పేరుగా రాసేశాను.

మిగతా పనులు: రెండో వీధి డ్రైన్ పూర్తయ్యింది, పార్కులో లైట్లు మార్చాం, నాలుగో వీధి రోడ్డు ఇంకా పెండింగ్‌లోనే ఉంది, అర్జీ మళ్ళీ ఇచ్చాం. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద పెట్టాం, సంచుల మీద పోయిన డబ్బు కూడా అందులో విడిగా చూపించాం. చందా బాకీ ఉన్నవాళ్ళు దయచేసి ఈ నెలాఖరుకి కట్టండి.

కుండీల్లో కాసిన పత్తి గింజలు సంఘం ఆఫీసు అలమరలో సీసాలో ఉన్నాయి, పొందూరులో అడిగి తెచ్చిన ఎర్ర పత్తి గింజలు పక్కన చిన్న పొట్లంలో. తొలకరి పడేలోపు కావాల్సినవాళ్ళు సాయంత్రం ఆరు తర్వాత వచ్చి తీసుకోండి, ఇంటికి నాలుగైదు గింజలు మించి రావు.