కరివేపాకు మీద పిట్ట రెట్ట కనిపిస్తే

అందరికీ నమస్కారం. ఈ వానల్లో పెరట్లో కరివేపాకు, నిమ్మ మొక్కల ఆకులు ఒకసారి దగ్గరగా చూడండి. పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు రంగుల్లో ఏదైనా అతుక్కుని ఉంటే తుడిచేయకండి, మందు కొట్టకండి. అది కామన్ మోర్మన్ లేదా లైమ్ బటర్‌ఫ్లై అనే సీతాకోకచిలుక పిల్ల, అంటే గొంగళిపురుగు కావచ్చు. పిట్టలు తినకుండా ఆ వేషం. నాలుగోసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. బెదిరితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటి అవయవాన్ని బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. పెరట్లో ఇంతకంటే వింత నేను చూడలేదు. కానీ ఫొటో కోసం దాన్ని పదేపదే బెదిరించకండి, పాపం అది ప్రాణభయంతో చేసే పని.

ఫోన్ కెమెరా చాలు. పొద్దున్నే, ఎండ ముదరకముందు తీయండి. ఫ్లాష్ వద్దు. గాలికి ఆకు ఊగుతుంటే కొమ్మని ఒక చేత్తో మెల్లగా పట్టుకోండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తింటున్న ఆకు బాగా కనిపించేలా ఇంకొకటి. ఏ మొక్క మీద ఉందో తెలిస్తే జాతిని గుర్తించడం చాలా తేలిక. ప్యూపా దశలో, అంటే సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే దశలో, నడుం చుట్టూ సన్నటి పట్టుదారం కట్టుకుని కొమ్మకి ఆనుకుని ఉంటుంది. అది దొరికితే మాత్రం ఫొటో తీయకుండా అస్సలు వదలొద్దు!

గ్రూప్‌లో పెట్టేటప్పుడు తేదీ, ఊరు, మొక్క పేరు రాయండి. జీవుల ఫొటోలు పెట్టి వాటి జాతి తెలుసుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో కూడా ఎక్కించొచ్చు. ఇంటి లొకేషన్ కచ్చితంగా కనబడకుండా దాచే ఆప్షన్ అందులో ఉంది.