మసక వెలుతురులో ఫొటోలు: ఐఎస్‌ఓ అంటే అంత భయమెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫొటోగ్రఫీ కొత్తగా నేర్చుకునేవారి కోసం వెలువడిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ఫ్రేములో దేన్ని ఉంచాలి, దేన్ని వదిలేయాలి అన్న విషయమై వ్యాసకర్త చెప్పిన మాటలతో నాకు ఏ పేచీ లేదు. అయితే ఐఎస్‌ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత హెచ్చించి చూపాలో తెలిపే అంకె) 400 దాటితే ఫొటో పాడైనట్టేననీ, వెలుతురు చాలనిచోట ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) లేనిదే కెమెరా బయటికి తీయడం దండగ అనీ ఆయన ఇచ్చిన సలహా మాత్రం పాఠకులకు మేలు చేయదు. సరిగ్గా ఇదే సలహాను వేదవాక్కుగా నమ్మి నష్టపోయినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం మా మేనకోడలు మొట్టమొదటిసారి వేదికెక్కి పాడింది. హాలులో దీపాలు తగ్గించారు, ఫ్లాష్ వాడవద్దన్నారు. కుర్చీల నడుమ ట్రైపాడ్ నిలబెట్టే చోటు లేదు. ఐఎస్‌ఓ 400 దాటకూడదన్న నియమం తలకెక్కించుకుని, 50 మి.మీ. లెన్సు అపర్చర్‌ను (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్ 2.8 వద్ద ఉంచితే షట్టర్ వేగం, అంటే కాంతిని లోపలికి వదిలే సమయం, 1/15 సెకను వచ్చింది. ఊపిరి బిగబట్టి ఎనభై దాకా ఫొటోలు తీశాను. కెమెరా వెనుకనున్న చిన్న తెరమీద అన్నీ ముచ్చటగానే కనిపించాయి. ఇంటికి వచ్చి కంప్యూటరులో తెరిచి చూస్తే ఒక్కటీ పనికొచ్చేది లేదు.

ఆ ఫొటోలను తర్వాత చాలాసార్లు ముందేసుకుని చూశాను, ఎందుకంటే అవి ఒకే రకంగా చెడిపోలేదు. కొన్నింటిలో మైకు స్టాండు అంచుతో సహా అన్నిటికీ పక్కనే నీడలాంటి రెండో అంచు ఏర్పడింది. అంటే అదిరింది నా చెయ్యి. మరికొన్నింటిలో మైకు స్టాండు మీది మరలు సైతం స్పష్టంగా ఉన్నాయి గానీ, తాళం వేస్తున్న పిల్ల చెయ్యి, పాటలో లీనమై ఊగుతున్న ముఖం మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టు అలుక్కుపోయాయి. అంటే నా చెయ్యి నిలకడగానే ఉంది, కదిలింది తాను. ఈ రెండు దోషాలకూ మందు ఒకటి కాదు. మొదటిదానికి ఆసరా కావాలి, రెండోదానికి వేగం కావాలి. వ్యాసకర్త చెప్పినట్టు ఆ రోజు నా దగ్గర ట్రైపాడ్ ఉండి ఉంటే మైకు స్టాండు ఫొటోలు ఎనభై దివ్యంగా వచ్చి ఉండేవి.

వేగం ఎలా వస్తుందో లెక్క చాలా సులువు. ఐఎస్‌ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ షట్టర్ తెరిచి ఉంచవలసిన సమయం సగమవుతుంది. 400 నుంచి 800కు, అక్కడినుంచి 1600కు, ఆపైన 3200కు మూడు మెట్లు ఎక్కితే, అదే వెలుతురులో, అదే ఎఫ్ 2.8 వద్ద, 1/15 సెకను కాస్తా 1/125 సెకను అవుతుంది. నిలబడి పాడే మనిషికి ఆ వేగం దాదాపు సరిపోతుంది. నాట్యానికి, ఆటలకు 1/250 నుంచి 1/500 దాకా కావాలి కనుక ఇంకొక మెట్టో రెండు మెట్లో ఎక్కక తప్పదు.

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు కనీస వేగమెంత అన్నదానికి ఫిల్ము రోజులనుంచీ ఒక కొండగుర్తు ఉంది. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదైతే షట్టర్ వేగం సెకనులో అన్నోవంతుకు తగ్గకూడదు: 50 మి.మీ. లెన్సుకు 1/50, 200 మి.మీ. లెన్సుకు 1/200. సెన్సర్ (ఫిల్ము స్థానంలో కాంతిని పట్టే పలక) చిన్నదైన కెమెరాల్లో 1.5తోనో, 1.6తోనో హెచ్చించుకోవాలి. ఈ కొండగుర్తు మామూలు సైజు ప్రింట్లను చూసే కాలంనాటిది. ఈనాటి 24, 40 మెగాపిక్సెళ్ల ఫొటోలను తెరమీద పెద్దవి చేసి చూసేవారికి అది చాలదు. నేనైతే ఆ వేగానికి రెట్టింపు పెట్టుకుంటాను. ఏ లెక్కన చూసినా నా 1/15 గెలిచే పందెం కాదు.

ఇక గరుకు సంగతి. ఐఎస్‌ఓ పెంచితే ఫొటోలో చుక్కలు చుక్కలుగా గరుకుదనం కనిపించేమాట నిజమే, కానీ దాన్ని పుట్టించేది ప్రధానంగా ఐఎస్‌ఓ కాదు, వెలుతురు కొరత. కాంతి ధారలా కాక రేణువులుగా వచ్చి పడుతుంది. చినుకులు కొద్దిగా పడినప్పుడు నేల అక్కడక్కడే తడిసినట్టు, రేణువులు తక్కువైనప్పుడు సెన్సర్ మీద ఒకచోట నాలుగెక్కువ, పక్కనే నాలుగు తక్కువ పడి ఆ ఎగుడుదిగుడే మనకు గరుకుగా కనిపిస్తుంది. కాంతి నాలుగింతలైతే ఫొటో రెండింతలు శుభ్రపడుతుంది. డిజిటల్ కెమెరాలో ఐఎస్‌ఓ పెంచడమంటే అందిన కాంతిని హెచ్చించి చూపడమే తప్ప సెన్సర్ చూపు పెరగడం కాదు. కనుక అదే వేగంతో ఐఎస్‌ఓ 400 దగ్గరే భీష్మించుకుని చీకటి ఫొటో తీసి, దాన్ని తర్వాత కంప్యూటరులో వెలిగించుకుందామనుకునేవారు బావుకునేది ఏమీ లేదు. అదే గరుకు తిరిగి బయటపడుతుంది, జేపెగ్ (కుదించిన) ఫైలైతే నీడల్లో రంగులు మరింత దారుణంగా ముద్దకడతాయి. పోనీ, గరుకు పోయేంత కాంతిని మెల్లని షట్టరుతో రాబట్టుకోవచ్చు కదా అంటే, దాని ఫలితం పైన చెప్పిన ఎనభై ఫొటోలే.

400 అన్న హద్దు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఫిల్ము వేగాన్ని, అంటే అది కాంతికి ఎంత త్వరగా స్పందిస్తుందో తెలిపే అమెరికా వారి ఏఎస్‌ఏ, జర్మనీ వారి డిన్ కొలతలు 1974లో ఐఎస్‌ఓ పేరిట ఒక్కటైన నాటికి 400 వేగమున్న ఫిల్మే చాలామందికి వేగమైన ఫిల్ము. ఆ రోజుల్లోనూ వార్తాపత్రికల ఫొటోగ్రాఫర్లు కొడాక్ ట్రై-ఎక్స్ వంటి ఫిల్మును 1600గా లెక్కగట్టి తీసి, డెవలప్ చేసేటప్పుడు ఎక్కువసేపు ఉంచి, రాత్రివేళ వార్తలకు ఫొటోలు సంపాదించారు. ఆ గ్రెయిన్ (ఫిల్ము గరుకు) చూసి పాఠకులెవరూ పత్రిక మానేయలేదు. 2007లో నికాన్ డీ3 కెమెరా రాకతో ఐఎస్‌ఓ 6400 దాకా ధైర్యంగా వాడుకునే వీలు కలిగింది. 2014లో వచ్చిన సోనీ ఏ7ఎస్ కెమెరా సెట్టింగుల్లో ఆ అంకె 4,09,600 దాకా పోయింది. అంత పైకి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఒక దాటకూడని గీత అంటూ ఉంది, అది ఒక్కో కెమెరాకు ఒక్కోచోట ఉంటుంది. నా కెమెరాలో 6400 దాటాక చర్మం రంగు పాలిపోతుంది, నల్లని బట్టలమీద ఊదా మరకలు తేలతాయి. ఎవరి కెమెరా గీత వారు ఒక సాయంత్రం గదిలో కూర్చుని ఒకే వస్తువును వరుసగా 800 నుంచి 12800 దాకా తీసి తేల్చుకోవడం మంచిది. చూసేటప్పుడు మాత్రం ఫొటోను ఎంత సైజులో వాడుకుంటారో అంత సైజులోనే చూడాలి. తెరమీద నూరు శాతానికి సాగదీస్తే గోరంత గరుకు కొండంత అవుతుంది. న్యూస్‌ప్రింట్ మీద సరేసరి, ముద్రణ చుక్కలే అంతకంటే పెద్దవి! పైగా గరుకును తగ్గించే సాఫ్ట్‌వేర్లు నేడు బాగా ముదిరాయి, రా ఫైలైతే (సెన్సర్ పట్టిన ముడి సమాచారమైతే) ఇంకా బాగా పనిచేస్తాయి. అలుక్కుపోయిన కంటిరెప్పను తిరిగి నిలబెట్టే పనిలో అవి ఇప్పటికీ తడబడుతున్నాయి.

కదలని వస్తువుల విషయంలో కథ మారుతుంది. శిల్పాలు, భవనాల లోపలి భాగాలు, రాత్రివేళ ఖాళీ వీధులు తీసేటప్పుడు ఐఎస్‌ఓను తక్కువలోనే ఉంచుకోవచ్చు, ట్రైపాడ్ లేకున్నా చుట్టూ ఉన్నదేదో ఆసరాకు వస్తుంది. గోడకో, స్తంభానికో వీపు ఆనించి, మోచేతులను డొక్కలకు అదిమి పెట్టుకోవాలి. వీలుంటే కెమెరా పక్కభాగాన్నే తలుపు చట్రానికి నొక్కిపట్టడం ఇంకా మేలు. కూర్చుంటే మోకాళ్లమీద మోచేతులు ఆనించవచ్చు. అయితే ఎముకమీద ఎముక పెడితే జారుతుంది కనుక మోచేతికి కాస్త పైభాగాన్ని ఆనించాలి. మెట్లమీదా, పిట్టగోడమీదా కెమెరా పెట్టేటప్పుడు మడతపెట్టిన తువ్వాలు లెన్సు కింద దోపితే కావలసిన కోణమూ కుదురుతుంది, కెమెరా దొర్లిపోకుండానూ ఉంటుంది. ఇలా పెట్టినప్పుడు బటను నొక్కే వేలే మొత్తం చెడగొడుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమరు పెట్టి చెయ్యి తీసేయాలి.

ఆనుకోవడానికేమీ దొరకని చోట నాకు అక్కరకు వచ్చేది జేబులో పట్టే ఒక తాడు. కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే రంధ్రానికి పావు అంగుళం బోల్టు, అంగుళానికి ఇరవై మరచుట్లున్నది, సరిపోతుంది. దాని తలకు సాగని నైలాన్ తాడు కట్టి, రెండో కొసను ఉచ్చులా ముడివేసి రెండు పాదాల కింద తొక్కిపట్టి, కెమెరాను కంటిదాకా ఎత్తి తాడు బిగుసుకునేలా పైకి లాగాలి. త్రికోణంలా సాగిన ఆ తాడు పైకీ కిందికీ వచ్చే అదురును బాగా అణుస్తుంది, పక్కల ఊగిసలాటను కొంత తగ్గిస్తుంది. బోల్టు బిగుసుకోగానే తిప్పడం ఆపేయాలి. బలవంతంగా తిప్పి ఒకసారి నేను కెమెరా అడుగు పాడుచేసుకోబోయాను. ఈ తాడుతో 1/15 సెకను వద్ద, వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీస్తే, ఒకటి రెండు చక్కగా వస్తున్నాయి. వరుసలో మొదటిది వేలు నొక్కిన కుదుపుకు చెడుతుంది కనుక నడిమివాటిని ముందు చూడాలి.

లెన్సులోనే అదురును సర్దే ఏర్పాటు 1995లో కెనాన్ ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా) లెన్సులోకి వచ్చింది, ఇప్పుడు చాలా కెమెరాల ఒంట్లోనే ఉంటోంది. అదున్నవారికి తాడు అవసరం అంతగా రాదు. కానీ అది సర్దేది పట్టుకున్నవారి చేతిని, పాడేవారి చేతిని కాదు. సెల్‌ఫోన్ల నైట్ మోడ్ సైతం వరుసగా తీసిన అనేక ఫొటోలను కలిపి ఒకటిగా అల్లుతుంది కనుక ఫోనును గ్లాసుకో, పుస్తకాల దొంతరకో ఆనించి తీస్తే గది బాగా వస్తుంది, గదిలో పరుగెత్తే పిల్లలు మసకబారవచ్చు.

ట్రైపాడ్‌ను నేను తీసిపారేయడం లేదు. నక్షత్రాలకు, నిమిషాలపాటు షట్టర్ తెరిచి ఉంచే దృశ్యాలకు మరో దారి లేదు. నా అభ్యంతరం, అది లేదన్న కారణంగా కెమెరాను సంచిలోనే ఉంచమనడం మీద.

ఒక చిన్న మనవి. మీ అనుబంధంలో పాఠకుల ఫొటోలు ప్రచురించేటప్పుడు వాటి కింద షట్టర్ వేగం, అపర్చర్, ఐఎస్‌ఓ అంకెలు కూడా వేస్తే, ఏ వెలుతురులో ఎవరు ఏ మెట్టు ఎక్కారో కొత్తవారికి నేరుగా తెలుస్తుంది. షట్టర్ వేగం గురించి ఆ వ్యాసకర్త మరోసారి రాసే ఉద్దేశంలో ఉంటే, చెడిన ఫొటోలకు ఉదాహరణగా వాడుకునేందుకు నా దగ్గర ఎనభై ఉన్నాయి. మేనకోడలి అనుమతి తీసుకుని పంపగలను.

ఇట్లు,
మీ పాఠకుడు