వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా పెంచండి: బహిరంగ లేఖ

గౌరవనీయ కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

పంపిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్ల పేదలకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. 2007 నుంచి అంతే. అందులో బీపీ మాత్రలు కొనుక్కున్న ముసలమ్మకు పాలకు మిగిలేదెంత? రాష్ట్రాలు కొంత కలుపుతున్నాయి, నిజమే, కానీ ఒక్కోచోట ఒక్కోలా.

ఎంపీల జీతాలను మాత్రం 2018లోనే ధరల సూచీకి ముడిపెట్టారు. 2025లో అవి లక్ష నుంచి 1,24,000 రూపాయలయ్యాయి. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ సూచీనే ఈ పింఛనుకూ వర్తింపజేయండి. వచ్చే బడ్జెట్‌లో పెంపు ప్రకటించి, ఏ నెల నుంచి చేతికందుతుందో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరుడు