ఓట్లేసి పడుకోబెట్టిన మోడెమ్

ఒరేయ్,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. సిమ్‌తో నెట్ ఇచ్చే ఆ ల్యాప్‌టాప్ కార్డు గురించి "ఈ మోడెమ్ కార్డు చచ్చిపోయింది, పీకి పారేస్తాను" అని రాశావు చూడు, అది చదివి నవ్వొచ్చింది. నేనూ అప్పట్లో అచ్చం అదే మాటన్నాను. అనడమేంటి, పీకాను కూడా. మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఈ ఉత్తరం నీకు ఆ కార్డు మీదుగానే వస్తోంది.

నువ్వు రాసినదాంట్లో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. నువ్వేమో దాన్ని ఊరికే చివర్లో పడేశావు. విండోస్ నుంచి రీస్టార్ట్ కొట్టి, అదే ల్యాప్‌టాప్‌లో ఉన్న రెండో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోకి వస్తే సిమ్ నెట్ వస్తుంది, పొద్దున్నే ఆన్ చేసి నేరుగా లినక్స్‌లోకి వెళ్తే రాదు అన్నావు కదా. అసలు కథంతా అక్కడే ఉందిరా. కార్డు పాడైతే ఇలా వేళాపాళా చూసుకుని పాడవ్వదు.

మనం ఆ కార్డుని ఏదో వైఫై చిప్పు లాంటిదనుకుంటాం. కాదు. బొటనవేలంత ఉన్న ఆ పలక ఒక పూర్తి కంప్యూటర్. దానికి సొంత ప్రాసెసర్, సొంత సాఫ్ట్‌వేర్, సొంత జ్ఞాపకం ఉన్నాయి. నా దాంట్లో ఉన్నది సియెరా వైర్‌లెస్ ఈఎం7455. పెట్టే స్లాట్ ఎం.2 అయినా లోపల మాట్లాడేది మామూలు యూఎస్‌బీయే. రీస్టార్ట్ కొట్టినప్పుడు ల్యాప్‌టాప్ నిద్రలేచి అన్నీ మర్చిపోతుంది గానీ, కార్డుకి కరెంటు ఆగదు కాబట్టి అది మర్చిపోదు. విండోస్ దాని చెవిలో ఏం చెప్పిందో అది లినక్స్‌లోకి వచ్చాక కూడా గుర్తుంటుంది. పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేస్తేనే మర్చిపోతుంది.

మరి విండోస్ ఏం చెప్పింది? తాళం తీసింది. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలావరకు ఈ కార్డులకి ఎఫ్‌సీసీ లాక్ అని ఒకటి పెడతాయి. రేడియో తరంగాలు ఎంత వదలాలో చూసే అమెరికా సంస్థ ఎఫ్‌సీసీ. ఈ కార్డూ, ఈ ల్యాప్‌టాప్ యాంటెన్నా కలిపి పరీక్షలో పాసయ్యాయి గనక, వేరే డబ్బాలో పెడితే రేడియో మోగకూడదని ఆ ఏర్పాటు. విండోస్‌లో కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ మనకి తెలియకుండానే ఆ తాళం తీసేస్తుంది. లినక్స్‌లో మోడెములని నడిపే మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రాం కూడా ఒకప్పుడు దానంతటదే తీసేది. 1.18.4 వెర్షన్ నుంచి ఆ పని మానేసింది. తాళంచెవులు మాత్రం ఇస్తుంది, అవి ఎఫ్‌సీసీ అన్‌లాక్ అవైలబుల్ అనే ఫోల్డర్లో స్క్రిప్టులుగా ఉంటాయి. నీ కార్డు యూఎస్‌బీ నంబరు (అది ఏ రకం కార్డో చెప్పే గుర్తింపు సంఖ్య) ఉన్న స్క్రిప్టుకి, ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్ కింద మోడెమ్‌మేనేజర్ ఫోల్డర్లోని ఎఫ్‌సీసీ అన్‌లాక్ డాట్ డి ఫోల్డర్లో ఒక లింకు, అంటే షార్ట్‌కట్ లాంటిది, వేస్తే చాలు. ఆ ఒక్క లింకు కోసం రెండు వారాంతాలు తగలేశాను.

సరే, నీదీ అదే జబ్బో కాదో ఊహించడం ఎందుకు, కార్డునే అడుగు. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో వచ్చిన ఏటీ కమాండ్లు, అంటే మోడెమ్‌కి టైపు చేసి ఇచ్చే ఆదేశాలు, ఈ ఎల్‌టీఈ (ఫోర్‌జీ) కార్డులో కూడా బతికే ఉన్నాయి. ముందు మోడెమ్‌మేనేజర్ సర్వీసుని ఆపు, లేకపోతే నువ్వడిగిన ప్రశ్నకి జవాబు అది మింగేస్తుంది. తర్వాత కార్డుతో టైపు చేసి మాట్లాడే మినీకామ్ అనే ప్రోగ్రాంలో కార్డు సీరియల్ పోర్టు తెరువు. (కమాండ్లు ఇక్కడ తెలుగులో కూడబలుక్కుని రాస్తున్నాను, నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో, తిట్టుకోకు.) ఏటీ అని కొడితే ఓకే అనాలి. ఏటీ ప్లస్ సీపిన్ ప్రశ్నార్థకం కొడితే రెడీ అనాలి, అంటే సిమ్ బాగుంది. ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ అంటే సిగ్నల్ ఎంతో చెబుతుంది. 0 నుంచి 31 దాకా లెక్క, 99 అంటే తనకే తెలియదని. నాకు 99 వచ్చింది.

అప్పుడు కొట్టాను ఏటీ, ఆశ్చర్యార్థకం, పీసీఇన్ఫో, ప్రశ్నార్థకం. ఇది సియెరా కార్డులకే ఉన్న కమాండ్. "స్టేట్: లో-పవర్ మోడ్" అని ఒక లైను వచ్చింది, అంటే కార్డు రేడియో ఆపుకుని పడుకుందని, దాన్నే పొట్టిగా ఎల్‌పీఎం అంటారు. దాని కింద ఓటర్లు! నిజంగానేరా, ఎల్‌పీఎం ఓటర్స్ అనే రాసుంది. టెంప్ సున్నా, ఓల్ట్ సున్నా, యూజర్ సున్నా, డబ్ల్యూ డిజేబుల్ సున్నా, ఐఎంస్విచ్ ఒకటి, బయోస్ ఒకటి. ఈ కార్డు పడుకోవాలని ఎవరెవరు ఓటేశారో ఆ జాబితా అన్నమాట. ఇక్కడ మెజారిటీ లెక్క లేదు, ఒక్క ఓటు పడినా రేడియో లేవదు. వేడెక్కితే టెంప్ ఓటేస్తుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే యూజర్, ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్ నొక్కితే డబ్ల్యూ డిజేబుల్. రెండు వారాంతాలు నేను లినక్స్‌ని తిడుతూ కూర్చున్నాను గానీ, కార్డు తన బాధంతా ఒక్క లైన్లో రాసి పెట్టుకునే ఉంది. అడిగిన పాపాన పోలేదు నేను.

బయోస్ ఓటు సంగతి పైన చెప్పిన తాళమే, లింకు వేయగానే పోయింది. రెండో ఓటు ఐఎంస్విచ్. అది సిమ్ కంపెనీ మార్చినందుకు పడింది. ఈ కార్డులో ఫర్మ్‌వేర్, అంటే దాని సొంత సాఫ్ట్‌వేర్, ఒకటే ఉండదు. ఒక్కో క్యారియర్‌కి (సిమ్ కంపెనీకి) ఒక్కో ఇమేజ్, అంటే ఒక్కో ఫర్మ్‌వేర్ కూర్పు, పక్కపక్కనే ఉంటాయి, ఏది నడవాలో కార్డులో ఒక చీటీ రాసుంటుంది. నా చీటీలో పాత క్యారియర్ పేరుంది, నడుస్తున్నదేమో ఇంకోటి. రెండూ కలవలేదు కాబట్టి రేడియో లేవనంది. ఏటీ, ఆశ్చర్యార్థకం, ఐఎంప్రెఫ్ అని అడిగితే కోరుకున్నదేంటి, నడుస్తున్నదేంటి రెండూ చూపిస్తుంది. దాన్ని ఆటో సిమ్ అని మార్చేస్తే సిమ్‌ని బట్టి అదే ఎంచుకుంటుంది. నీ క్యారియర్‌కి ప్రత్యేకంగా ఇమేజ్ లేకపోతే అందరికీ పనికొచ్చే జెనెరిక్ పెట్టు, నేను అదే పెట్టాను. ఇలాంటి మార్పులకి ముందు ఒక పాస్‌వర్డ్ కమాండ్ కొట్టాలి, మాన్యువల్లో ఉంటుంది.

నా పాత ల్యాప్‌టాప్‌లో గోబీ 2000 అనే మోడెమ్ కార్డు ఉండేది, గుర్తుందా? జీఎస్ఎం, సీడీఎంఏ రెండూ చేసే కార్డని తెగ గొప్పలు చెప్పాను నీకు. దాని గోల ఇంకో రకం. కరెంటు తీస్తే ఫర్మ్‌వేర్ మొత్తం మర్చిపోయేది, ఆన్ చేసిన ప్రతిసారీ మూడు ఫైళ్ళు దాని నోట్లో పోయాలి. పోయకముందు దాని యూఎస్‌బీ నంబరు ఒకటి, పోశాక ఇంకోటి. తప్పు క్యారియర్ ఫోల్డర్లోంచి పోస్తే లేచి కూర్చునేది గానీ నెట్‌వర్క్ ఎక్కేది కాదు. దాంతో పోలిస్తే ఇప్పటివి చాలా బుద్ధిమంతులు.

ఓట్లన్నీ సున్నా అయ్యాక సీఎస్‌క్యూ 19కి ఎక్కింది. పండగ చేసుకున్నాను. అయినా నెట్ రాలేదు. ఎందుకంటే కార్డు తనలో దాచుకున్న మొదటి కనెక్షన్ ప్రొఫైల్లో పాత క్యారియర్ ఏపీఎన్ (ఆ కంపెనీ నెట్‌లోకి వెళ్ళే గుమ్మం పేరు) అలాగే కూర్చుని ఉంది. త్రీజీలో నెట్‌వర్క్ ఎక్కడం వేరు, డేటా వేరు. ఎల్‌టీఈలో అలా కాదు, ఎక్కడంతోనే ఒక డేటా దారి కూడా వేయాలి. దానికి తప్పు ఏపీఎన్ ఇస్తే కొన్ని నెట్‌వర్కులు గుమ్మంలోనే ఆపేస్తాయి. లినక్స్ నెట్ సెట్టింగులు చూసే నెట్‌వర్క్‌మేనేజర్ కనెక్షన్లో కొత్త ఏపీఎన్ పెట్టేశాను కదా అని నేను ధీమాగా ఉన్నాను. కార్డులో ఉన్న పాతది నేను చూస్తేగా. ఏటీ ప్లస్ సీజీడీకాంట్‌తో మొదటి ప్రొఫైల్ మార్చి, రేడియో ఒకసారి ఆపి లేపాను. అప్పుడొచ్చింది.

ఇంకో జాగ్రత్త. కార్డు కంప్యూటర్‌తో మాట్లాడే భాషలు రెండున్నాయి, క్యూఎంఐ, ఎంబీఐఎం అని. లినక్స్‌లో బాగుంటుందని కార్డుని క్యూఎంఐ మోడ్‌లోకి మార్చే తెలివితేటలు చూపించకు. నేను చూపించాను. ముందు నా సొంత స్క్రిప్టుకి డీహెచ్‌సీపీలో (నెట్‌వర్క్‌ని అడ్రస్ అడిగే పద్ధతిలో) అడ్రస్ రాలేదు. ఈ తరం కార్డులు ఈథర్నెట్ హెడర్ లేని రా ఐపీ ప్యాకెట్లే పంపుతాయి, ఆ సెట్టింగు నేను ఆన్ చేయలేదు. అది సరిచేసి గర్వంగా విండోస్‌లోకి వెళ్తే అక్కడ కార్డు మాయం. మోడ్ మార్పు కూడా కార్డు జ్ఞాపకంలోనే ఉంటుంది మరి, తాళంలా కాదు, ఆఫ్ చేసినా పోదు. ఎంబీఐఎం మోడ్‌లో వదిలేస్తే విండోస్ 8 నుంచి డ్రైవర్ అందులోనే ఉంది, లినక్స్‌కీ ఉంది, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే యూఎంబీ అనే డ్రైవర్ ఉంది. అందరితో పడేది అదొక్కటే. ఏటీ పోర్టు కూడా కనపడేలా ఉండే ఎంబీఐఎం కూర్పు ఎంచుకో, రేపు మళ్ళీ ఓటర్లని అడగాల్సి వస్తుంది.

విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయ్. షట్‌డౌన్ అని నువ్వనుకుంటావు గానీ అది సగం నిద్రే.

యాంటెన్నా తీగలు మాత్రం ముట్టుకోకురా బాబూ. పీకాను అన్నానుగా, ఆ పీకుడులో మెయిన్ తీగ చివరున్న బంగారు రంగు టోపీని కాస్త వంచేశాను. పెసరగింజ కన్నా చిన్నది అది. సరిగ్గా మీద పెట్టి నిటారుగా నొక్కితే గోటికి టిక్కుమని తెలుస్తుంది, వంకరగా నొక్కితే ఏమీ తెలియదు, నలిగిపోతుంది. ఈ జాతి కనెక్టర్లకి పెట్టి తీయడానికి తయారీదారులిచ్చే లెక్కే ఓ 30 సార్లు. పంపేది మెయిన్ మీదే కాబట్టి, రెండో యాంటెన్నాతో సిగ్నల్ గీతలు కనిపిస్తూనే ఉన్నాయి, కార్డు మాట మాత్రం టవర్‌కి చేరలేదు. కొత్త తీగ వేసేదాకా అదే తంతు.

ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి, నేరుగా లినక్స్‌లోకి వెళ్ళి, ఆ ఓటర్ల లైను ఉన్నదున్నట్టు కాపీ చేసి నాకు పంపు. పక్కనే ఐఎంప్రెఫ్ జవాబు కూడా. అది చూసేదాకా స్క్రూడ్రైవర్ డ్రాయర్లోంచి తీయకు.

నీ
నేనే