ప్రాగ్‌లో ఒక్క రోజు: కొండ మీంచి కిందికి దిగండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికల్లో యూరప్ యాత్రల వ్యాసాలు వస్తున్నప్పుడల్లా 'ఒక్క రోజులో ప్రాగ్' అనే మాట కనబడుతోంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు, వాళ్లను చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులు వీటిని నమ్ముకునే బయల్దేరుతున్నారు. డ్రెస్డెన్ నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు, బెర్లిన్ నుంచి నాలుగు గంటల పైచిలుకు. పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోవచ్చు, అందులో అబద్ధం లేదు. అయితే ఆ వ్యాసాల్లో పదిహేను పేర్ల జాబితా ఉంటుంది గానీ, దేని తర్వాత ఏది చూడాలో ఉండదు. బల్లపరుపు ఊరైతే అలా రాసినా నష్టం లేదు. ప్రాగ్ అలాంటిది కాదు. వల్తావా నదికి పడమటి ఒడ్డున కొండ మీద కోట, తూర్పు ఒడ్డున పల్లంలో పాత పట్టణం. పల్లంలో మొదలుపెట్టినవాళ్లు మధ్యాహ్నం భోంచేసి ఎండలో కొండెక్కుతారు. మూడింటికి కోట చేరేసరికి కాళ్లు పోతాయి, కోట లోపలి భవనాలు మూసే వేళ కూడా దగ్గర పడుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం 5కే మూస్తారు, చలికాలంలో 4కే.

అందుకని ఎక్కేది ట్రామ్‌లో, దిగేది నడిచి. రోజంతా ఈ ఒక్క లెక్క మీదే నడవాలి.

జర్మనీ రైళ్లు ప్రధాన స్టేషన్‌కు వస్తాయి. చెక్ భాషలో దాని పేరు హ్లావ్నీ నాద్రజీ. సామాను ఉంటే అక్కడి లాకర్లలో పెట్టేయాలి, చక్రాల సూట్‌కేసు ఆ ఊరి రాళ్లబాట మీద వంద గజాలు కూడా సుఖంగా రాదు. స్టేషన్‌లోనే 24 గంటల టికెట్ తీసుకుని, మెట్రో సి లైన్‌లో రెండు స్టేషన్లు వెళ్లి ఐ.పి. పావ్లోవాలో పైకి వస్తే 22వ నంబరు ట్రామ్ దొరుకుతుంది. విమానంలో దిగినవాళ్లు 59వ నంబరు ట్రాలీబస్సులో నాద్రజీ వెలెస్లవీన్ దాకా వచ్చి, మెట్రో ఎ లైన్‌లో మాలోస్త్రాన్‌స్కా చేరి, అక్కడ అదే 22 ఎక్కాలి. పట్టాల మరమ్మతులు అక్కడ తరచూ జరుగుతుంటాయి, ఆ రోజు 22 ఎటు తిరుగుతోందో ఫోన్‌లో చూసుకోవడం మంచిది.

కాగితం టికెట్ కొన్నవాళ్లు మొదటి ప్రయాణం మొదలుపెట్టేటప్పుడు దాన్ని పసుపు పచ్చ పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ఒక్కసారే. మన వాళ్లు ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే. జేబులో టికెట్ ఉంటుంది, దాని మీద ముద్ర ఉండదు. అలాంటి టికెట్ లేనట్టే లెక్క. తనిఖీ చేసేవాళ్లు మామూలు దుస్తుల్లో వచ్చి బిళ్ల చూపిస్తారు, 'తెలియదండీ' అంటే వినరు. ట్రామ్‌లో ఉండే యంత్రానికి బ్యాంకు కార్డు తాకించి కొన్న టికెట్‌కు మాత్రం ముద్రతో పనిలేదు.

'ప్రాగ్ కోట' అనే స్టాపులో అందరూ దిగుతారు. దిగకుండా ఇంకో రెండు స్టాపులు ముందుకెళ్లి పొహోర్జెలెట్స్‌లో దిగాలి. కోట కన్నా ఎత్తయిన చోటు అది. పక్కనే 1143లో పుట్టిన స్ట్రహోవ్ మఠం ఉంది, దాని అరుగు మీంచి ఊరంతా కనబడుతుంది. అక్కణ్ణుంచి లొరెటా గుడి మీదుగా కోట గుమ్మం దాకా పది పన్నెండు నిమిషాల నడక, అంతా దిగుడే. ఎనిమిదిన్నరకు ట్రామ్ దిగితే తొమ్మిదికి కోట తలుపులు తీసే వేళకు అక్కడుంటారు. లోపలికి పోయేముందు సంచుల తనిఖీ ఉంటుంది. పదిన్నర దాటితే పర్యాటకుల బస్సులన్నీ ఒక్కసారే వచ్చి ఆ వరస చాంతాడంత అవుతుంది.

ముందుగా సెయింట్ వైటస్ కెథెడ్రల్ చూసేయాలి. 1344లో పునాది వేస్తే పూర్తయింది 1929లో, దాదాపు ఆరు వందల ఏళ్ల పని. పడమటి కొసన కొంత భాగం డబ్బు కట్టకుండా చూడనిస్తారు, తాడు దాటి ముందుకెళ్లాలంటే టికెట్ కావాలి. ఎడమవైపు కిటికీల్లో చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా వేసిన కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మిగతా కిటికీల్లా రంగుగాజు ముక్కలు సీసంతో అతికించింది కాదు, గాజు మీద బొమ్మ గీసి రంగులద్దింది. కిటికీకి డబ్బిచ్చిన బ్యాంకు పేరు అడుగున ఇప్పటికీ ఉంది. సత్రం అరుగు మీద దాత పేరు చెక్కించే మన అలవాటు అక్కడా ఉందన్నమాట. దక్షిణం వైపు సెయింట్ వాక్లావ్ మందిరం గోడల్లో 1,300కు పైగా రంగురాళ్లు పొదిగారు. గుమ్మం దగ్గర నిలబడే చూడాలి, లోపలికి పోనివ్వరు. రాజుల కిరీటం దాచిన గదికి దారి ఆ మందిరంలోంచే. దాని తలుపుకు ఏడు తాళాలు, ఏడు చెవులూ ఏడుగురి దగ్గర ఉంటాయి. గోపురం ఎక్కడానికి 287 మెట్లు, వేరే టికెట్. ఒక్క రోజుకు వచ్చినవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది, సగం ఓపిక అక్కడే ఖర్చయిపోతుంది.

ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి సందర్శకులను మధ్యాహ్నం దాకా కెథెడ్రల్‌లోకి రానివ్వరు. మన పిల్లలకు సెలవు దొరికేది శని, ఆదివారాలే. శనివారం వస్తే నది అవతలి యూదుల పేటలో ప్రార్థనాలయాలు, శ్మశానం మూత. ఏ రోజున ఏది పోతుందో ముందే తెలుసుకుని బయల్దేరాలి.

ఆ తర్వాత పాత రాజభవనం. 1618లో ఇద్దరు అధికారులను, వాళ్ల గుమాస్తాను కిటికీలోంచి బయటికి విసిరేసింది ఇక్కడే. ముగ్గురూ బతికారు గానీ, దాని వెంట యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం వచ్చింది. అక్కడి వ్లాదిస్లావ్ హాలు ఎంత పెద్దదంటే గుర్రాల మీద పోటీలు అందులోనే పెట్టేవాళ్లు. గుర్రాలు ఎక్కడానికి కట్టిన వెడల్పాటి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. చివరికి బంగారు సందు. రంగురంగుల ఇళ్లు ఓ వరసలో ఉంటాయి, 22వ నంబరు ఇంట్లో 1916-17లో రచయిత కాఫ్కా రాసుకునేవాడు. ఇళ్లు చిట్టివి, జనం ఎక్కువ, పావుగంట చాలు.

మధ్యాహ్నం 12కి మొదటి ప్రాంగణంలో బ్యాండుతో కాపలా మారే వేడుకను ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. తొమ్మిదికి మొదలుపెట్టినవాళ్లు పన్నెండింటికి తూర్పు కొసన ఉంటారు. దానికోసం మళ్లీ పడమటికి వెనక్కి నడవొద్దు. గుమ్మం దగ్గర కాపలా ప్రతి గంటకూ మారుతుంది, తొమ్మిదికో పదికో అది కంటబడితే సరిపోతుంది.

తూర్పు గుమ్మం దాటితే పాత కోట మెట్లు. అవి మాలోస్త్రాన్‌స్కా మెట్రో దగ్గరికి దింపుతాయి. ఇక్కడ చేసే తప్పు మరొకటుంది. అందరూ నేరుగా చార్లెస్ వంతెన మీదికి పోతారు. పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా దాని మీద తిరనాళ్లే. 516 మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు వైపులా బొమ్మలు అమ్మేవాళ్లు, మధ్యలో జేబుదొంగలు. విగ్రహం ముందు నిలబడ్డానికి కూడా చోటుండదు. కాబట్టి అప్పుడు దాన్ని వదిలేసి, మాలోస్త్రాన్‌స్కా పక్కనే ఉన్న మానెస్ వంతెన మీంచి నది దాటండి. పది నిమిషాల్లో పాత పట్టణంలో ఉంటారు. చార్లెస్ వంతెన మొత్తం కమానులతో సహా బాగా కనబడేదీ దీని మీంచే. దాని మీద నిలబడితే దాన్నెలా చూస్తారు?

మానెస్ వంతెన దిగితే యోసెఫోవ్, అంటే పాత యూదుల పేట. ఒక్క రోజు వచ్చినవాళ్లు కోట లోపలి భవనాలు, యూదుల పేట రెండూ చూడాలనుకుంటే రెంటికీ న్యాయం జరగదు. కోట చూసేశారు గనుక ఇక్కడ బయటినుంచే నడవండి. చరిత్ర మీద మనసున్నవాళ్లు కోటను ప్రాంగణాల వరకే చూసి, ఆ రెండు గంటలు ఇక్కడ పెట్టినా తప్పులేదు. అక్కడి పాత శ్మశానంలో 1439 నుంచి 1787 దాకా పాతిన 12,000 రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. సమాధి కదిలించడం వాళ్ల మతంలో కూడదు, పేటకు వేరే స్థలం ఇచ్చేవాళ్లు లేరు. అందుకని పాత సమాధుల మీదే మన్ను పోసి, పాత రాయిని పైకి లేపి, పక్కన కొత్త రాయి నాటారు. పక్కనున్న పింకస్ ప్రార్థనాలయం గోడల నిండా నాజీలు చంపిన చెక్ యూదుల పేర్లు, సుమారు 78,000, చేత్తో రాసి ఉన్నాయి.

భోజనం సంగతి. పనిదినాల్లో 11 నుంచి 2 దాకా మధ్యాహ్నం భోజనం తక్కువ ధరకు పెడతారు. పాత పట్టణం నడిబొడ్డున ఉన్న చౌరస్తాలో కాకుండా రెండు వీధులు లోపలికి పోయి తినాలి. శాకాహారులకు దొరికేది ఎక్కువగా వేయించిన చీజ్, బంగాళదుంప అట్లు (వాటిలో గుడ్డు ఉంటుంది). సూపులో దుంపలూ పుట్టగొడుగులే కనబడినా మాంసం ఉడికించిన నీళ్లు కావచ్చు, 'బెజ్ మసా', అంటే మాంసం లేకుండా, అని గట్టిగా అడగాలి. బల్ల మీద అడగకుండా పెట్టిన రొట్టెకు, మంచినీళ్లకు కూడా డబ్బు వేస్తారు. చౌరస్తా బండ్ల దగ్గర మాంసం ధర 100 గ్రాములకు రాసి ఉంటుంది, కోసిచ్చేది అంతకు మూడింతలు. తూకం ముందే చెప్పించుకోవాలి. పిండిని కర్రకు చుట్టి కాల్చి పంచదార అద్దిన ట్రదెల్నిక్ తినాలనిపిస్తే తినండి, కాని అది ఆ ఊరి పాత వంటకం అని రాసి ఉంటే నమ్మొద్దు.

అక్కడ చెల్లేది కొరునా, యూరో కాదు. 'కమిషన్ లేదు' అని బోర్డు పెట్టిన దుకాణం రేటులోనే కోసేస్తుంది. మోసపోయామనిపిస్తే మూడు గంటల్లోపు రసీదుతో వెనక్కి వెళ్లి మార్పిడిని రద్దు చేయించుకోవచ్చు. 1,000 యూరోల లోపు మొత్తాలకు ఆ హక్కును 2019లో చట్టం ఇచ్చింది. రసీదు పారేయకపోవడమే మీ పని. ఏటీఎం 'మీ దేశపు డబ్బులో లెక్కగట్టమంటారా' అని అడిగితే వద్దనే నొక్కాలి, అవునంటే మెషీన్ పెట్టిన రేటే.

పాత చౌరస్తాలో గడియారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం చూసేది దాంట్లో తక్కువ రకం. ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా గంట గంటకూ పై కిటికీల్లో క్రీస్తు పన్నెండుగురు శిష్యుల బొమ్మలు తిరుగుతాయి, అస్థిపంజరం గంట కొడుతుంది, కోడి కూస్తుంది, నిమిషంలోపే అయిపోతుంది. ఫోన్లు పైకెత్తి తీసుకుని అందరూ వెళ్లిపోతారు. 1410లో కదాన్ ఊరి మికులాష్ చేసిన అసలు పని ఆ కిటికీల కిందున్న రెండు పలకల్లో పైదానిలో ఉంది. బయటి నల్లటి వలయం మీద పాత లిపిలో 1 నుంచి 24 దాకా బంగారు అంకెలుంటాయి. అది సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే పాత చెక్ కాలం, పొద్దు గుంకేటప్పుడు ముల్లు 24 మీద ఉంటుంది. మనం ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కపెట్టినట్టే, వాళ్లు అటునుంచి. లోపల 1 నుంచి 12 దాకా నల్ల అంకెలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి. మన రాహుకాలం పగటిని ఎనిమిది చేసినట్టు, ఎండాకాలంలో ఆ భాగాలు సాగుతాయి, చలికాలంలో కుంచించుకుపోతాయి. రాశుల వలయం కూడా ఉంది, మేషం నుంచి మీనం దాకా. కాని అది సాయన లెక్క. మార్చి 20, 21లకే సూర్యుడు మేషంలోకి వచ్చేస్తాడు, మన పంచాంగంలో ఏప్రిల్ 14న. 24 డిగ్రీల తేడా. సగం నలుపు, సగం వెండిగా ఉన్న చిన్న గోళం చంద్రుడు, తిథులకు తగ్గట్టు తిరుగుతుంటుంది. గంట కొట్టిన ఐదు నిమిషాలకు వస్తే ముందు వరసలో నిలబడి ఇవన్నీ తీరిగ్గా చూడొచ్చు. దాని పక్కనే నేల మీద 27 తెల్ల శిలువ గుర్తులు 1621లో అక్కడే ఉరికో కత్తికో బలైనవాళ్లవి. తొక్కకుండా వెళ్లేవాళ్లు తక్కువ.

ఇప్పుడు చార్లెస్ వంతెన. వేసవిలో రాత్రి 8 దాటాక (జూన్‌లో తొమ్మిది దాటేదాకా వెలుతురుంటుంది), డిసెంబరులో నాలుగింటికే చీకటి గనుక ఆరింటికి. పాత పట్టణం వైపు నుంచి నడిస్తే వెలిగించిన కోట ఎదురుగా ఉంటుంది. ఎక్కేముందు ఆ ఒడ్డున కట్ట గోడలో గడ్డపు మనిషి తల వెతకండి. పేరు బ్రదాచ్. 1342 వరదకు కొట్టుకుపోయిన పాత వంతెన నాటి రాయి. నీళ్లు గడ్డానికి తగిలితే ఒడ్డు మునుగుతుందని, బట్టతల దాటితే చౌరస్తాలో పడవలు నడుస్తాయని లెక్క. భద్రాచలంలో మనకు 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ఎలాగో, వాళ్లకు ఈ ముఖం అలాగ. 2002 ఆగస్టులో నీళ్లు మెట్రో సొరంగాల్లోకే దిగాయి.

వంతెనకు శంకుస్థాపన ముహూర్తం 1357, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5.31 అని చెబుతారు. వరసగా రాస్తే 135797531, ఎటునుంచి చదివినా ఒకటే. 1841 దాకా ఆ ఊళ్లో నది దాటడానికి ఉన్న వంతెన ఇదొక్కటే. కుడివైపు వరసలో ఎనిమిదో విగ్రహం నెపొముక్ జాన్ అనే క్రైస్తవ సాధువుది, 1683 నాటి కంచు. మొత్తం 30 విగ్రహాల్లో పాతది అదే. 1393లో రాజు ఆయన్ని నదిలోకి తోయించాడు. అడుగున పలకల్లో చేతులు తగిలి తగిలి మెరిసేచోటు దూరానికే తెలుస్తుంది. మిగతావి చాలా మటుకు నకళ్లు, రాయి అరిగిపోతోందని అసలువాటిని మ్యూజియంలో పెట్టారు.

అవతలి ఒడ్డున దిగి మాలోస్త్రాన్‌స్కాకు నడిస్తే మెట్రో ఎ లైన్, మ్యూజియం అనే స్టేషన్‌లో సి లైన్‌కు మారితే ఒక్క స్టేషన్‌లో హ్లావ్నీ నాద్రజీ. నడక, మారడం అన్నీ కలిపి నలభై నిమిషాలు చేతిలో ఉంచుకోండి. లాకరు తీయడానికి పది నిమిషాలు వేరే. పాస్‌పోర్టు, నివాస కార్డు మాత్రం పొద్దున సామానులో పెట్టి తాళం వేయకండి, ఒంటి మీదే ఉండాలి. డ్రెస్డెన్ చేరేలోపు సరిహద్దు దగ్గర జర్మనీ పోలీసులు రైల్లోకి ఎక్కి అడుగుతారు.

ఇట్లు,
ప్రాగ్ నుంచి ఒక పాఠకుడు