42వ రోజున బిడ్డ కళ్లు కూడా చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా చెల్లెలి మనవరాలికి ఇప్పుడు నాలుగేళ్లు. ఎడమ కంటికి పని పెట్టడానికి రోజూ సాయంత్రం దాని బాగున్న కుడి కంటిని మూస్తూ ప్యాచ్ అంటిస్తే "తీసెయ్ అమ్మమ్మా" అని ఏడుస్తుంది. ఎడమ కంట్లో పుట్టుకతోనే శుక్లం ఉంది. మూడో నెలలో సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోల్లోనే ఆ కంటిపాప తెల్లగా మెరిసింది. ఫ్లాష్ పడిందనుకున్నాం. కాస్త మెల్ల కనిపిస్తే, మెల్లకన్ను అదృష్టమని ఇంట్లో పెద్దవాళ్లు మురిసిపోయారు. పుట్టిన ఆసుపత్రిలో గానీ, టీకాలు వేయించిన చోట గానీ ఎవరూ కళ్లలోకి చూడలేదు. ఎనిమిదో నెలలో ఆపరేషన్ అయింది. అది బాగానే జరిగింది, కానీ చూపు సరిగా రాలేదు. "కన్ను బాగైంది కదా అక్కా, చూపెందుకు రాలేదు?" అని చెల్లెలు అడిగింది. నేను జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు జువాలజీ చెప్పాను. తనకు చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాను.

చూపు కంటితో అయిపోయే పని కాదు. ఒక్కో కంటి నుంచి మెదడుకు పది లక్షలకు పైగా నరపు పోగులు వెళ్తాయి. బిడ్డ కడుపులో ఉండగానే ఇవి రెటీనాలో, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొరలో మొలిచి, చివరనున్న మెత్తని మొనతో దారి తడుముకుంటూ పాకుతాయి. ఆ మొనను 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ వర్ణించారు. మెదడు అడుగున రెండు కళ్ల నరాలూ కలిసే కూడలి ఒకటుంది. అక్కడ ముక్కు వైపు రెటీనా నుంచి వచ్చిన పోగులు అవతలి పక్కకు దాటుతాయి, కణత వైపువి దాటకుండా తమ పక్కనే సాగిపోతాయి. మరి ఏ పోగు ఎక్కడ ఆగాలో దానికెలా తెలుస్తుంది?

1940ల్లో అమెరికాలో రోజర్ స్పెర్రీ కప్ప కంటి నరం కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి ఉంచారు. కప్పల్లో తెగిన ఆ నరం మళ్లీ పెరుగుతుంది. పెరిగాక, పైన ఈగ కనిపిస్తే కప్ప నాలుకను కిందికి చాచింది. ఎన్నాళ్లు గడిచినా ఆ తప్పు దిద్దుకోలేకపోయింది. అంటే ప్రతి పోగూ మెదడులో తన పాత చోటుకే చేరిందన్నమాట. పోగులకూ అవి చేరే చోట్లకూ రసాయన గుర్తులుంటాయని ఆయన వాదించారు. ఆ గుర్తులు 1995లో గానీ చేతికి దొరకలేదు. వాటిని ఎఫ్రిన్లు అంటారు. చిత్రమేమిటంటే, ఏ పోగు ఎక్కడ ఆగాలో చూపే ఈ పటం గీయడంలో వీటి ముఖ్యమైన పని పోగుల్ని దగ్గరికి పిలవడం కాదు, దూరంగా నెట్టడం. మెదడులో చూపు అందుకునే చోట అవి ఒక చివర దట్టంగా, మరో చివర పలచగా పరుచుకుని ఉంటాయి. రెటీనాలో ఒక అంచు నుంచి వచ్చిన పోగులు వాటికి బాగా జంకి ముందే ఆగిపోతాయి, రెండో అంచువి అంతగా జంకక లోపలికి వెళ్తాయి. ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసంతా కప్ప మీద జాలిపడేది.

అయితే ఇదంతా ముతక పని. నగిషీ తర్వాత జరుగుతుంది. కడుపులో అవసరానికి మించి మొలిచిన పోగుల్లో చాలా వాటిని బిడ్డ పుట్టకముందే శరీరం తీసేస్తుంది. పుట్టాక మిగిలిన సర్దుబాటు వెలుగు చేయాలి. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో పిల్లి కూనకు ఒక కన్ను మూసి, మూడు నెలల తర్వాత తెరిచారు. కన్ను నిక్షేపంలా ఉంది. కానీ మెదడులో దాని చోటును రెండో కన్ను ఆక్రమించేసింది, ఆ కంటితో కూన చూడలేకపోయింది. పెద్ద పిల్లికి అంతే కాలం మూస్తే ఏమీ కాలేదు. 1981లో వీళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. మా పాపకు జరిగిందీ ఇదే. ఒక కంట్లో దట్టమైన పుట్టుశుక్లం ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు తీసేయాలని కంటి డాక్టర్లు చెప్పేది ఇందుకే. మేం ఎనిమిదో నెలలో వెళ్లాం.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో పెద్ద కార్యక్రమాలు నడిచాయి. అవి ఎంతో మందికి కళ్లద్దాలు ఇచ్చాయి, కాదనను. కానీ బిడ్డ బడికి వెళ్లేదాకా ఆగితే పుట్టుశుక్లానికి విలువైన కాలం దాటిపోతుంది. పిల్లల జబ్బుల్ని ముందే కనిపెట్టడానికి కేంద్రం 2013లో మొదలుపెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుశుక్లం ఉంది, నెలలు నిండక పుట్టిన పిల్లల రెటీనా జబ్బు కూడా ఉంది. కొత్త పథకం అక్కర్లేదు. ఆసుపత్రిలో కాన్పయితే, 42వ రోజు వరకు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలన్నది నియమం. ఆరు వారాలకే పెంటావాలెంట్ టీకా మొదటి డోసు కూడా పడుతుంది. ఆ రోజు టీకా కేంద్రంలో గది చీకటి చేసి, కంటి లోపల చూసే, చేతిలో పట్టే ఆఫ్తాల్మోస్కోప్ అనే పరికరంతో రెండు కళ్లలోకీ వెలుగు వేసి చూడటానికి నిమిషం చాలు. రెండు కంటిపాపల్లోనూ ఒకేలా ఎర్రటి మెరుపు రావాలి. తెల్లగా, మసకగా, రెండింటిలో తేడాగా ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. శుక్లమే కాదు, ప్రాణం తీసే కంటి క్యాన్సర్ కూడా అలా తెల్లగానే బయటపడొచ్చు. చూసినవారు టీకా కార్డు మీద సంతకం పెట్టాలి. అసలు మొదటి పరీక్ష కాన్పయిన ఆసుపత్రి నుంచి పంపే ముందే జరగాలి. నెలలు నిండని పిల్లలకైతే 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష వేరే చేయించాలి.

ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులు ఇది చదివి ఆశ వదులుకోకండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, మన దేశంలోనే, పదేళ్లు దాటాక శుక్లం తీయించుకున్న పిల్లలు కూడా ఎంతో కొంత చూడటం నేర్చుకున్నారు. మా పాప కూడా ప్యాచ్ పెట్టుకున్నప్పుడు ఎడమ కంటితో గ్లాసు వెతికి పట్టుకుంటోంది.

మీ పత్రికకు నాదొక విన్నపం. ఎర్రగా మెరిసే కంటిపాప, తెల్లగా మెరిసే కంటిపాప ఎలా ఉంటాయో పక్కపక్కనే రెండు బొమ్మలు జిల్లా పేజీల్లో వేయండి. మా ఇంట్లో అలాంటి ఫొటో ఐదు నెలలు ఫోన్‌లోనే ఉండిపోయింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్